డబ్బా అడుగున అంకె

మీ ఇంట్లో షాంపూ సీసానో పచ్చడి డబ్బానో ఒకసారి తిరగేసి చూడండి. అడుగున మూడు బాణాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు ఒక త్రికోణం ఉంటుంది. దాని మధ్యలో ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక అంకె. ఆ డబ్బా ఏ జాతి ప్లాస్టిక్కో చెప్పేది ఆ అంకే. ఇన్నాళ్ళూ మీరు దాన్ని చూసి ఉండరు. చూడకపోయినా కొంపలేమీ మునగవు. నేను మాత్రం పదకొండేళ్ళు దుబాయ్‌లో జీతం తీసుకుని దాన్నే చూశాను. అబద్ధమెందుకు, చూసింది నేను కాదు, ఖాదర్ హుస్సేన్. నేను సంతకాలు పెట్టాను.

మా కంపెనీ అంటే అల్ వర్సాన్‌లో ఒక పెద్ద గోడౌను, దాని పక్కన నాలుగు గదుల ఆఫీసు. ఎక్కడెక్కడి నుంచో షాంపూలు, ఇల్లు తుడిచే మందులు, వంటింటి డబ్బాలు కంటెయినర్లలో దిగేవి. వాటిలో సగం మీద ఆ త్రికోణం ఉండేది కాదు. గుర్తు లేని సరుకు మార్కెట్లోకి పోకూడదని రూలు. గుర్తు ఉండి అంకె తప్పయినా తంటాయే. అందుకని మేము స్టిక్కర్లు అచ్చు వేయించి, గోడౌన్లో మనుషుల్ని కూర్చోబెట్టి అంటించేవాళ్ళం. ఏ డబ్బాకు ఏ అంకె అంటించాలో తేల్చాల్సినవాణ్ణి నేను. దక్షిణామూర్తి, కంప్లయన్స్ ఆఫీసర్. కాకినాడలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి ప్లాస్టిక్ గురించి అన్నీ తెలుసని మా ముదీర్ నమ్మకం. ముదీర్ అంటే మేనేజరు, ఆయనే మా పాలిట కంపెనీ.

పద్ధతి ప్రకారం అయితే అనుమానం ఉన్న ప్రతి డబ్బానూ ల్యాబుకు పంపాలి. రిపోర్టు రావడానికి రెండు వారాలు. ముదీర్‌కు రెండు గంటలు ఆగే ఓపిక లేదు. తయారుచేసినవాడు పంపే కాగితాన్ని నమ్ముదామంటే, కాగితంలో రెండు అని ఉంటుంది, కంటెయినర్ తెరిస్తే ఐదు దిగుతుంది. చేరిన కొత్తలో ఒకరోజు ఇలాగే రెండు తెల్ల డబ్బాలు చేతిలో పట్టుకుని గోడౌన్లో దిక్కుతోచక నిలబడ్డాను. పక్కన నేల ఊడుస్తున్న మనిషి చీపురు గోడకు ఆనించి, అడక్కుండానే నా చేతిలోంచి ఒక డబ్బా తీసుకున్నాడు. గోటితో గీశాడు. చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు.

“ఇది రెండు సార్. మీ ఎడం చేతిలోది ఐదు,” అన్నాడు.

నవ్వాను. అయినా రెంటినీ ల్యాబుకు పంపాను. పదిహేను రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అది రెండే, ఇది ఐదే. ఆ రోజు నుంచి ఆయన చీపురు వేరేవాళ్ళ చేతికి పోయింది. వీసాలో మాత్రం హెల్పర్ అనే ఉంది. దాన్ని మార్చాలని నాకెప్పుడూ తోచలేదు.

ఖాదర్ హుస్సేన్‌ది రాయచోటి. తొమ్మిదో ఏట కడపలో మేనమామ పాత సామాన్ల కొట్లో ప్లాస్టిక్ ఏరడానికి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. బడి మొహం చూడలేదు. ఏ భాషలోనూ అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. ఇంత నేర్పు ఎలా వచ్చిందని ఒకసారి అడిగితే చెంప తడుముకున్నాడు.

“దెబ్బలు తిని నేర్చుకున్నా సార్. రెండో నంబరు గోతంలో ఐదోది ఒకటి పడిందనుకో, కరిగిచ్చినాక వచ్చే ప్లాస్టిక్ గింజ పాడైపోతాది. మాలు మొత్తం పారబొయ్యాల. ఏరినోని చెంప పగలగొడతారు. నా చెంప ఎన్ని తూర్లు పగిలిందో నాకే తెలీదు.” తర్వాత కొంచెం నవ్వి, “ఆ అంకె మీకోసరం రాసేది కాదు సార్. కొనేటోడు చూడడు, అమ్మేటోడు చూడడు. చెత్తలో ఏరేటోడు చూస్తాడు. అది మాకు రాసే జాబు,” అన్నాడు.

ఆయన పరీక్షకు కావలసినవి ఒక గిన్నెడు నీళ్ళు, ఒక స్టీలు చెంచా, ఒక లైటరు. గోడౌన్లో నిప్పు నిషేధం కాబట్టి, లారీలు ఆగే గేటు వెనక ఖర్జూరాల రేకు డబ్బా ఒకటి బోర్లించి దాని ముందు కూర్చునేవాడు. ఒక ముక్క కోసి, నీళ్ళలో వేసి, తర్వాత చెంచా మీద పెట్టి ముట్టించేవాడు. చాలావాటికి గోరూ నీళ్ళూ మంటా చాలు. చిక్కంతా రెండుకూ ఐదుకూ మధ్యనే. రెండూ నీళ్ళలో తేలతాయి, రెండూ ఒకే రకంగా కాలతాయి. ఇప్పుడు వచ్చే సరుకులో ఏమేమి కలుపుతున్నారోగానీ ఒక్కోసారి గోటి గీత కూడా మోసం చేస్తుంది. అప్పుడు మంట ఆర్పి, ఆ పొగ మీదికి వంగి, కళ్ళు మూసుకుని పీల్చేవాడు. దర్గాలో ఆర్పేసిన కొవ్వొత్తి వాసన వస్తే రెండు. లారీ వెనకాల నిలబడ్డట్టు ఉంటే ఐదు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన మాట తప్పు కాలేదు. నా ఫైళ్ళలో “అంతర్గత పరీక్షలో నిర్ధారించబడింది” అని ఇంగ్లీషులో దర్జాగా రాసేవాణ్ణి. ఆ అంతర్గత పరీక్ష అంటే ఖాదర్ భాయ్ ముక్కే. ఆ సంగతి ముదీర్‌కూ తెలుసు. బయట ఎవరికీ తెలియదు.

రెండువేల ఇరవైలో, రంజాన్ నెలలో, పనివాళ్ళుండే కాంపులో జ్వరాలు మొదలయ్యాయి. ఖాదర్ భాయ్‌ని ఎక్కడో క్వారంటైన్‌లో పెట్టారు. నేను కరామాలో ఫ్లాటు తలుపు వేసుకుని, నా భార్య కుసుమకుమారి ఇచ్చే మిరియాల కషాయం తాగుతూ, కంప్యూటర్లో కూర్చుని పనిచేశాను. జూన్‌లో ఆఫీసు తెరిచేసరికి ఆయనా వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. అప్పటికే వారానికి ఇద్దరినో ముగ్గురినో ముదీర్ గదిలోకి పిలిచి ఇంటికి పంపేస్తున్నారు. ఎవరి వీసా గడువు దగ్గరపడితే వాళ్ళకు గుండెల్లో రాయి పడేది. ఖాదర్ భాయ్ వీసాకు అక్టోబర్‌లో గడువు. వయసు యాభై ఆరు.

జూలైలో ఒకరోజు ఫోర్క్‌లిఫ్ట్ తగిలి, అద్దాలు తుడిచే మందు డబ్బాలు ఒక అట్టపెట్టెడు పగిలిపోయాయి. అమ్మోనియా ఘాటుకు గోడౌన్లో ఉన్నవాళ్ళందరూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. మాస్కులున్నా ఆగలేదు. లెక్కపెడితే ఒకరు తక్కువ. ముక్కు మూసుకుని లోపలికి పోయి చూస్తే ఖాదర్ భాయ్ అదే వరసలో, పదడుగుల దూరంలో, తాపీగా స్టిక్కర్లు అంటిస్తున్నాడు. రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

“మీకు వాసన రాలేదా?” అన్నాను.

“కళ్ళు మండుతాండె సార్. ఎందుకో అనుకుంటి,” అన్నాడు. నా మొహం చూశాక ఆయనకు అర్థమైంది, దొరికిపోయానని. అక్కడే గేటు నీడలో గొంతుక్కూర్చున్నాడు.

“నలభై దినాలాయ సార్. ఏ వాసనా లేదు. అత్తరు లేదు, అన్నం లేదు. నిదానంగా వస్తాది అంటాండారు. అక్టోబర్ దాంక ముదీర్‌కు చెప్పొద్దు సార్. ఈ ఒక్క రెన్యువల్ కానీండి.”

“మరి ఈ నెలరోజులుగా మీరు తేల్చిన సరుకంతా?”

లేచి నన్ను గోడౌన్ మూలకు తీసుకుపోయాడు. అక్కడ పదిహేడు రకాల డబ్బాలు వరసగా పెట్టి, పైన గుడ్డ కప్పి ఉంది. “తెలిసిండేటివే చెప్పినా. తెలీనివి పక్కన బెట్టినా. కాకి లెక్క ఒక్కటి చెప్పలే సార్.”

జాలిపడి ఊరుకున్నానని చెప్పుకోవాలని నాకూ ఉంది. జాలి పడ్డమాట నిజమే. కానీ ఆయన ముక్కు పోయిందని బయటపడితే దానితోపాటు ఏడేళ్ళ నా ఫైళ్ళు కూడా బయటపడతాయి. నోరు మూసుకున్నది అందుకు.

ఉపాయం ఖాదర్ భాయే చెప్పాడు. ఆయన గదిలోనే ఉండే కలీం, మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. నెల్లూరు వాడు, నలభై దాటినవాడు, ఆయన్ని చాచా అని పిలుస్తాడు. వాడికి జ్వరం రాలేదు. ముక్కు బాగానే ఉంది. ఆయన ముట్టిస్తాడు, కలీం పీలుస్తాడు. పీల్చి ఏ వాసనో చెబితే, ఏ అంకో ఆయన చెబుతాడు. ఊరు ఊరంతా ముక్కులు కప్పుకుని తిరుగుతున్న రోజుల్లో మా గేటు వెనక కలీం మాస్కు గడ్డం కిందికి లాక్కుని పొగ మీదికి వంగేవాడు.

“ఏముండాది? చెప్పు.”

“కంపు కొడుతుండాది చాచా.”

“కంపు రెంటికీ ఉంటాది లేరా. దాని ఎనకాల ఏముండాదో చూడు. మైనముందా, డీజిల్ ఉందా?”

“డీజిల్ గురించి నాకు చెప్పాలంటయ్యా? రోజూ దాన్నే గదా మింగతుండా. ఇది డీజిలే.”

“అయితే ఐదు. రాయండి సార్.”

మొదట్లో కలీం పదింటికి నాలుగు తప్పు చెప్పేవాడు. ముందే తెలిసిన ముక్కలు కాల్చి చూపిస్తూ, కొట్టకుండా, తిట్టకుండా, ఖాదర్ భాయ్ ఓపిగ్గా నేర్పాడు. తాను దెబ్బలు తిని ఏళ్ళ తరబడి నేర్చుకున్నది వాడికి నెలన్నరలో వచ్చేసింది. సెప్టెంబర్ నాటికి కలీం తప్పు చెప్పడం మానేశాడు. మూలనున్న పదిహేడు డబ్బాలూ తేలిపోయాయి. వాడు సరిగ్గా చెప్పిన ప్రతిసారీ ఖాదర్ భాయ్ మొహం వెలిగిపోయేది. నాకైతే పెద్ద గండం గట్టెక్కినట్టే అనిపించింది.

గండం నేనే తెచ్చిపెట్టాను. ఆగస్టులో ఎవరో ఆడిటర్ వచ్చి, పరీక్షలకు ఒక రిజిస్టరు ఉండాలని, అందులో పరీక్షించినవారి పేరు రాయాలని చెప్పి పోయాడు. రిజిస్టరు పెట్టాను. ఆ గడిలో ఇద్దరి పేర్లూ రాశాను. ఖాదర్ హుస్సేన్, కలీం. కలీం కష్టం వృథా పోకూడదని నా గొప్ప న్యాయబుద్ధి. ఏడేళ్ళు ఫైళ్ళ నిండా అబద్ధాలు రాసినవాణ్ణి, నిజం రాయడానికి ఆ ఒక్క గడే దొరికింది నాకు.

సెప్టెంబర్ ఆఖర్లో రెన్యువల్ జాబితా తయారు చేస్తూ ముదీర్ ఆ రిజిస్టరు తెప్పించుకున్నాడు. ఒక మనిషి చేసే పనికి ఇద్దరెందుకని అడిగాడు. అవతల ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీగా పడి ఉంటే డ్రైవరు ఇక్కడేం చేస్తున్నాడన్నాడు. ఏదో గొణిగాను. ఆయన లేచి నేరుగా గేటు వెనక్కి నడిచాడు. పొద్దున పది గంటలు, అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. దారిలో దొరికిన ఒక కొత్త డబ్బా తీసి ఖాదర్ భాయ్ ముందు పెట్టి, “ఇదేమిటో నువ్వొక్కడివే చెప్పు,” అన్నాడు హిందీలో.

ఖాదర్ భాయ్ ముక్క కోశాడు. నీళ్ళలో వేశాడు. తేలింది. గోటితో గీశాడు. పడీ పడనట్టు పడింది గీత. చెంచా మీద పెట్టి ముట్టించి, ఆర్పి, పొగ మీదికి వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. నాలుగడుగుల దూరంలో నిలబడిన నాకు మైనం వాసన స్పష్టంగా వచ్చింది. నాకంటే ముందే కలీంకు వచ్చి ఉంటుంది. వాడి కుడిచెయ్యి ప్యాంటు పక్కన మెల్లగా కదిలి రెండు వేళ్ళు చాచింది. ఖాదర్ భాయ్ కళ్ళు తెరిచి ఆ వేళ్ళ వైపు చూశాడు. చూడడం నేను చూశాను.

“తెలీదు సాబ్,” అన్నాడు.

కలీంనే చూస్తున్న ముదీర్ ఇప్పుడు వాణ్ణి అడిగాడు. కలీం తల వంచుకుని, “రెండు,” అన్నాడు. అడిగినదానికి తప్పు చెప్పడం వాడికి చేతకాలేదు, చాచా అలా నేర్పలేదు. “ఖలాస్,” అన్నాడు ముదీర్. వెనక్కి పోతూ, ఫోర్క్‌లిఫ్ట్‌తోపాటు ఈ పనీ కలీమే చూసుకుంటాడని, ఖాదర్ వీసా రెన్యువల్ లేదని నాతో చెప్పాడు. ఏడేళ్ళు ఈ కంపెనీని నిలబెట్టిన మనిషి సార్ అని అనాల్సింది. నా వీసా, నా పిల్ల స్కూలు, నా కరామా ఫ్లాటు గుర్తొచ్చి సరేనన్నాను.

మధ్యాహ్నం ఖాదర్ భాయ్‌ని పట్టుకుని కోప్పడ్డాను. కోపం ఎవరి మీదో నాకూ తెలుసు.

“వాడు వేళ్ళు చూపిస్తూనే ఉన్నాడు కదా! రెండు అనేస్తే పోయేది కదా!”

“చూసినా సార్. ముదీర్ కండ్లు వాని మీదనే ఉండె. నేను రెండు అంటే వాడు సైగ జేసినాడని తెలిసిపోతాది. ఇద్దరికీ టికెట్ చేతికిస్తాడు. వానికి చిన్న పిల్లలుండారు సార్. ఉత్తగా ఏదో ఒక అంకె చెప్పేది నాకు నోరు రాదు సార్. యాడనో ఒకడు దాన్ని నమ్మి గోతంలో ఏస్తాడు.”

వీసా రద్దయ్యాక దేశంలో ఉండడానికి ఇచ్చే గడువు ముప్పై రోజులు. కలీం ఆ సాయంత్రం అన్నం ముట్టలేదట. మర్నాటి నుంచి కనబడిన ప్రతివాణ్ణీ అడిగాడు. చివరికి షార్జాలో, వాడిన ప్లాస్టిక్ కరిగించే ఫ్యాక్టరీ ఒకటి తగిలింది. అక్కడ బెల్టు మీద వచ్చే డబ్బాలను చేత్తో జాతులవారీగా విడదీసే మనుషులు కావాలి. వయసు ఎక్కువైనా, పనితనం ఉంటే వీసా ఇస్తామన్నారు. అయితే పాత కంపెనీ నుంచి ఉత్తరం కావాలి, ఈ మనిషి ప్లాస్టిక్కులు గుర్తుపట్టే పని చేశాడని.

ఖాదర్ భాయ్ ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడేళ్ళలో ఆయన నన్ను తనకోసం అడిగింది రెండే సార్లు. ఇది రెండోది.

“ఆ పనికి ముక్కుతో అవసరం లేదంట సార్. చేతి ఏళ్ళు చాలు. ఏళ్ళుండాయి నాకు. ఒక్క కాగితం రాసియ్యండి సార్, నేను ఏం పని చేసినానో. అది చూపెడితే పిలుస్తామన్నారు.”

రాశాను. మొదట రాసింది నిజమే. ఏడేళ్ళపాటు మా సరుకులో ప్రతి ప్లాస్టిక్కునూ గుర్తించి, అంకెలు నిర్ణయించినవాడు ఇతనేనని, ఒక్క పొరపాటూ చేయలేదని, ఒక పేజీ. సంతకానికి ముదీర్ దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన చదివి, కాగితం నా వైపు తోసి, ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగాడు. “హెల్పర్ ఈ పని చేస్తుంటే, మిస్టర్ మూర్తీ, నీ ఫైళ్ళలో సంతకాలు దేనికి? ఈ కాగితం రేపు ఎవరి చేతిలోనైనా పడితే ముందు పోయేది ఎవరు? వీసాలో ఏముందో అది రాయి.”

కంపెనీ స్టాంపు నా సొరుగులోనే ఉండేది. నేనే సంతకం పెట్టి, స్టాంపు వేసి ఆ మొదటి కాగితమే ఇచ్చి ఉండవచ్చు. షార్జాలో ఒక ఫ్యాక్టరీవాడు దాన్ని చదివి ఏ ప్రభుత్వానికి పంపబోయాడు గనక? ఈ మాట ఇప్పుడు తోస్తోందని చెప్పను. అప్పుడే తోచింది. తోచినా రెండో కాగితం టైపు చేశాను. నాలుగు లైన్లు. ఖాదర్ హుస్సేన్ మా సంస్థలో హెల్పర్‌గా, ఊడవడం, స్టిక్కర్లు అంటించడం వంటి పనులు చేశాడు, నడవడిక సంతృప్తికరం. దాన్ని కవర్లో పెట్టి జిగురు రాసి అంటించేశాను, దారిలో ఎవరూ తీసి చదవకుండా.

ఖాదర్ భాయ్ రెండు చేతులూ చాచి అందుకున్నాడు.

“ఏం రాసినారు సార్?”

“ఏడేళ్ళు ప్లాస్టిక్కులు గుర్తించే పని చేశారని, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని.”

కవరు కళ్ళకద్దుకున్నాడు. “నా పని గురించి కాగితం మీద రాసింది మీరే సార్ మొదట,” అన్నాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. ఆయన తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుంది, బస్సుల రొద.

“మూర్తి సార్, షార్జా నుంచే మాట్లాడతాండా. పని కాలేదు సార్.”

“ఏమన్నారు?”

“కాగితం చదివినారు. ఇందులో ఊడ్చే పనని ఉండాది, ఊడ్చేటోళ్ళు మాకు శానా మంది ఉండారు అన్నారు. లేదు సాబ్, మళ్ళొకతూరి చదవండి, మా సారు సొంతంగా రాసినాడు, ఆయన నాకు చదివి చెప్పినాడు అని గట్టిగా చెప్పినా. వాళ్ళు నవ్వినారు సార్. నేనూ ఇడవలే. మా సారు అట్లాంటోడు కాదు, మీకే చదవను రాదు అని అనేసి వచ్చేసినా. కోపంలో కాగితం ఆడనే ఇడిసిపెట్టి వచ్చినా సార్.” గొంతు తగ్గించి అడిగాడు, “వాళ్ళు తప్పే చదివినారు గదా సార్?”

“అవును ఖాదర్ భాయ్. తప్పు చదివి ఉంటారు,” అన్నాను.

ఇంకొకటి రాసివ్వమని అడుగుతాడేమోనని, నేనే ముందు ఫోన్ పెట్టేశాను.